'మామూలు' మామూలైపోయిన చోట

వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసివ్వమని అడిగినప్పుడు మాకు మొదట తోచిన విషయాలు మీకు తెలిసినవే. క్రమశిక్షణ, పట్టుదల, తల్లిదండ్రుల కష్టం, అంబేడ్కర్ గారి ఆశయాలు. పాత సంచికలు తిరగేస్తే వీటి మీద మా కంటే బాగా రాసినవాళ్లు ఉన్నారు. అందుకని మనమందరం చేసి, ఎవరమూ రాయకుండా వదిలేసిన ఒక పని గురించి రాయాలనుకున్నాం. అదే లంచం ఇవ్వడం.

తీసుకోవడం గురించి ఎవరైనా రాస్తారు. తీసుకునేవాణ్ణి తిట్టడం సులువు. మేము మాత్రం ఇచ్చినవాళ్లం. మేమంటే ఒకే ఏడు పదో తరగతి పరీక్ష రాసి, ఒకే బస్సులో వెళ్లి ధ్రువపత్రాలు తెచ్చుకున్న కొంతమందిమి. మా ఇళ్లల్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు కొందరం పీజీ చదువుతున్నాం, కొందరం చిన్న ఉద్యోగాల్లో ఉన్నాం. ఆ డిగ్రీ కాగితాల వెనక ఎన్ని వందనోట్లు ఉన్నాయో ఈమధ్య ఒకసారి లెక్క వేసుకున్నాం. కుల ధ్రువపత్రానికి, ఆదాయ ధ్రువపత్రానికి, రేషన్ కార్డులో పేరు చేర్చడానికి, బ్యాంకు ఖాతాకు కావలసిన సంతకానికి. లెక్క పూర్తిగా తేలలేదు. ఎందుకంటే చాలావాటిని మేము లంచమని లెక్క పెట్టుకోనేలేదు.

మన వైపు ఈ పనికి ఎన్ని పేర్లున్నాయో చూడండి. చాయ్ డబ్బులు, పెట్రోలు ఖర్చు, చేతి ఖర్చు, పండగ మామూలు. ముద్దనూరు నాలుగు రోడ్ల దగ్గర జమ్మలమడుగు బస్సుకో పులివెందుల బస్సుకో నిలబడినవాళ్ల మాటలు వినండి. "పని అయిందా?" అని ఒకరు అడుగుతారు. "అయింది, మామూలు ఇచ్చినాం" అని ఇంకొకరు చెబుతారు. లంచం అనే మాట పేపర్లో వస్తుంది, టీవీలో వస్తుంది, మన నోట్లో రాదు. మామూలు అంటే ఎప్పుడూ ఉండేది, అందరూ చేసేది అని అర్థం. ఎప్పుడూ ఉండేదాని మీద ఎవరు పోరాడతారు?

2018లో మా పదో తరగతి అయిపోయింది. పాలిటెక్నిక్ కౌన్సెలింగ్‌కు ఆదాయ ధ్రువపత్రం కావాలి. మీసేవలో దరఖాస్తు పెట్టాం, రసీదు ఇచ్చారు. ఆ తర్వాత కాగితం ఒక ఆఫీసులో ఆగింది. ఏ ఊరో, ఏ ఆఫీసో ఇక్కడ రాయడం లేదు. చదివేవాళ్లలో చాలామందికి అలాంటిదొకటి తెలిసే ఉంటుంది. అక్కడ ఎవరూ మమ్మల్ని డబ్బు అడగలేదు. "సార్ ఫీల్డుకు పోయినాడు, రేపు రాండి" అన్నారు. మరునాడు "సర్వర్ లేదు" అన్నారు. మూడోనాడు బయట అరుగు మీద కూర్చున్న ఒకాయన, మా పక్క ఊరాయనే, మా నాయనకు వరసకు మామ అవుతాడు, "మనిషికి మూడొందలిస్తే నేను చూసుకుంటా అల్లుడా" అన్నాడు.

శనగ పీకే కాలంలో మూడొందలంటే ఒక మనిషి కూలి, ఇంకా కొంచెం. మేము వెనకాడితే అమ్మ అన్నమాట ఇప్పటికీ గుర్తుంది. "ఇచ్చేయ్ నాయనా. పోతే మూడొందలు పోయె. ఏడాది పోతే యాడ తెచ్చుకుంటాం?" అమ్మ చదువుకోలేదు కానీ ఆమె లెక్క తప్పు కాదు. ఇచ్చేశాం. మరునాటికి కాగితం వచ్చింది.

మాలో ఒకడు మాత్రం ఇవ్వలేదు. మా పెట్టె పక్కన పెట్టె పెట్టుకున్నవాడు, లెక్కల్లో మా అందరికన్నా ముందుండేవాడు. "రసీదు మీద తేదీ ఉంది కదా, ఆ తేదీకి ఇవ్వాల్సిందే" అన్నాడు. వాడి మాట న్యాయమైందే. రసీదు మీది గడువు దాటింది. రోజూ పోయి నిలబడ్డాడు, ఒక్కడే. మేము మా కాగితాలు తీసుకుని కౌన్సెలింగ్‌కు వెళ్లిపోయాం. వాడి ధ్రువపత్రం వచ్చేసరికి సర్టిఫికెట్ల పరిశీలన రోజులు అయిపోయాయి. పూర్తి ఫీజు కట్టి చేరే స్తోమత ఇంట్లో లేదు. "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు. ఆ వచ్చే ఏడు రాలేదు. వాడిప్పుడు ఎర్రగుంట్ల వైపు బండల ఫ్యాక్టరీలో పాలిషింగు పని చేస్తున్నాడు. కనిపిస్తే నవ్వుతాడు, బాగానే మాట్లాడతాడు. ఆ సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తడు, మేమూ ఎత్తం.

లంచానికి వ్యతిరేకంగా జరిగిన ఉద్యమాల గురించి చదివినప్పుడల్లా మేము ఈ ఒక్క ప్రశ్నే వేసుకుంటాం. ఆ ఉద్యమం ఆ వారం రోజులు మావాడి పక్కన నిలబడగలిగేదా, లేదా?

అలా చూస్తే కొన్ని పెద్ద పెద్ద ఉద్యమాలు కూడా చిన్నవైపోతాయి. 2011లో అన్నా హజారే గారు ఢిల్లీలో నిరాహార దీక్ష చేసినప్పుడు మేము ప్రాథమిక పాఠశాలలో ఉన్నాం. టీవీ ఉన్న ఇంటి ముందు నిలబడి తెల్ల టోపీలు, జెండాలు చూసి ఇక దేశంలో లంచమే ఉండదేమో అనుకున్నాం. లోక్‌పాల్ చట్టం 2013లో వచ్చింది. మొదటి లోక్‌పాల్ నియామకం జరిగింది 2019 మార్చిలో. మావాడి కాగితం ఆగింది ఈ రెంటి మధ్యలో. లోక్‌పాల్ వద్దని మేము అనడం లేదు, పైనున్న పెద్దవాళ్లను అడిగే వ్యవస్థ ఉండవలసిందే. కానీ అరుగు మీది మూడొందలు దాకా అది దిగిరాదు.

చెన్నైలో ఫిఫ్త్ పిల్లర్ అనే సంస్థ 2007లో సున్నా రూపాయల నోటు అచ్చువేసింది. అచ్చం నోటులాగే ఉంటుంది, గాంధీ బొమ్మ ఉంటుంది, విలువ మాత్రం సున్నా. లంచం అడిగినవాడి చేతిలో దాన్ని పెట్టమన్నారు. తెలుగులోనూ వేశారు. ఆలోచన ముచ్చటగానే ఉంది. పట్నంలో రిటైరైన ఒక ఇంజినీరు గారు దాన్ని బల్ల మీద పెట్టి దర్జాగా నిలబడగలరు. మా అమ్మ పెట్టగలదా? పెట్టిన మరునాడు అదే ఆఫీసుకు ఇంకో కాగితం కోసం వెళ్లవలసింది ఆమే కదా!

ఇక ఏసీబీ సంగతి. మన రాష్ట్రంలో అవినీతి నిరోధక శాఖ 1961 నుంచి ఉంది. 1064 నంబరుకు ఫోను చేయవచ్చని ఆఫీసు గోడల మీద రాసి ఉంటుంది. వాళ్లు వల పన్నే పద్ధతి తమ్ముళ్లకు సైన్సు పాఠంలా నచ్చుతుంది. నోట్లకు ఫినాఫ్తలీన్ అనే తెల్లటి పొడి పూస్తారు. నోట్లు పట్టుకున్న చేతిని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. వేరే శాఖల ఉద్యోగులను మధ్యవర్తులుగా కూర్చోబెట్టి అంతా కాగితం మీద రాసుకుంటారు. పదో తరగతిలో మేము సూచికల పాఠం చదివేటప్పుడు సార్ ఇది చెప్పి ఉంటే ఆ పాఠం ఎప్పటికీ మరిచిపోయేవాళ్లం కాదు. కానీ ఆ వల వేయాలంటే ముందు ఒకడు ఫిర్యాదు మీద సంతకం పెట్టాలి. పదహారేళ్లవాడు, కూలివాళ్ల కొడుకు, మూడొందల కోసం, అదీ నేరుగా ఎవరూ అడగనే లేదు. ఏమని రాస్తాడు? పట్టుబడేది ఎవరు, అరుగు మీది మామా?

ఈ సందర్భంగా అందరూ తెలుసుకోవలసిన మాట ఒకటి చెప్పాలి. అవినీతి నిరోధక చట్టం 1988లో వచ్చింది. దానికి 2018 జూలైలో చేసిన సవరణ ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా పోలీసులకో, సంబంధిత దర్యాప్తు సంస్థకో తెలిపితే ఆ నేరం అంటదు. ముందుగానే చెప్పి, వాళ్లకు సాయంగా ఇచ్చినా అంటదు. ఏడు రోజులని గుర్తుపెట్టుకోండి. ఈ సంగతి మా హాస్టల్లోనే కాదు, మా పీజీ తరగతిలో కూడా చాలామందికి తెలియదు. మూడొందలు ఇచ్చి నోరు మూసుకున్న మా అమ్మను చట్టం నేరస్థురాలి వరసలో నిలబెట్టగలదంటే మాకు కోపం వస్తుంది. అయినా చట్టం అదే. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు మాత్రం ఒక మంచి మాట చెప్పింది. ఫిర్యాదు చేసినవాళ్లు తర్వాత ఎదురు తిరిగినా, చనిపోయినా, మిగతా సాక్ష్యాన్ని బట్టి శిక్ష వేయవచ్చని. కోర్టు దాకా పోయి చివరి రోజున మాట మార్చేవాళ్లు ఎందుకు మారుస్తారో మన ఊళ్లల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మరి మావాడి పక్కన నిలబడగల ఉద్యమం ఏదైనా ఉందా అంటే, ఉంది. రాజస్థాన్‌లో రాజ్‌సమంద్ జిల్లా దేవ్‌డుంగ్రీ అనే పల్లెలో ఉండి పనిచేసినవాళ్లు 1990 మే 1న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. ఐఏఎస్ ఉద్యోగం వదిలేసిన అరుణా రాయ్ వారిలో ఒకరు. కరువు పనులకు వెళ్లిన కూలీలకు పూర్తి కూలి ఇవ్వలేదు. ఎందుకని అడిగితే రికార్డులో అంతే ఉందన్నారు. రికార్డు చూపించమంటే కుదరదన్నారు. 1994 డిసెంబరు నుంచి వాళ్లు ఊరి మధ్య డేరా వేసి, దొరికిన మస్టర్ రోళ్లను జనం ముందు గట్టిగా చదవడం మొదలుపెట్టారు. ఫలానా మనిషి ఇన్ని రోజులు పని చేశాడు, ఇంత తీసుకున్నాడు అని చదివితే, ఆ మనిషే లేచి నేను పనికే పోలేదు అనేవాడు. చచ్చిపోయినవాళ్ల పేర్లు కూడా కూలి తీసుకున్నాయి. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. మా సొమ్ము, మా లెక్క అన్నదే వాళ్ల నినాదం. అక్కడ మొదలైన అడుగుడే పెరిగి పెరిగి 2005 అక్టోబరు 12 నుంచి సమాచార హక్కు చట్టంగా అమల్లోకి వచ్చింది. చదువుకున్నవాళ్లు ఢిల్లీలో కూర్చుని తయారు చేసిన చట్టమని మనం పరీక్షల్లో రాస్తుంటాం. దాని వేరు మాత్రం కూలి డబ్బుల దగ్గర ఉంది.

ఇంత దూరం ఎందుకు, మన పక్కనే జరిగింది చూడండి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు మొదలుపెట్టింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. మొదటి విడత జిల్లాల్లో మన కడప కూడా ఉంది. ఆ ఏడాదే మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు ఆరంభమయ్యాయి. తర్వాత 2009లో వాటి కోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టారు. ఆ తనిఖీ చేసినవాళ్లు ఎవరనుకున్నారు? కూలీల ఇళ్లల్లో పుట్టి కొంత చదువుకున్న పిల్లలు. మనలాంటివాళ్లే. వాళ్లకు శిక్షణ ఇచ్చి, రికార్డులు చేతికిచ్చి ఊళ్లకు పంపారు. ఇల్లిల్లూ తిరిగి, పని చేసినచోట గుంతలు కొలిచి, చివరకు మండల కేంద్రంలో అందరి ముందూ చదివారు. అధికారులు ఒకవైపు, కూలీలు ఒకవైపు. కొన్నిచోట్ల తీసుకున్న డబ్బును అక్కడికక్కడే తిరిగి ఇచ్చినవాళ్లున్నారు.

దీన్ని మరీ గొప్ప చేసి చెప్పదలచుకోలేదు. తేలిన సొమ్ములో తిరిగి వచ్చింది కొద్ది భాగమే. శిక్షలు పడింది ఇంకా తక్కువ. తనిఖీకి వచ్చినవాళ్లనే మంచి చేసుకున్న ఊళ్లు ఉన్నాయని మా పెద్దవాళ్లు చెబుతారు. అయినా అక్కడ ఒక విషయం జరిగింది. ఒక్క మనిషి ఫిర్యాదు చేయనక్కర్లేకపోయింది. కాగితమే మాట్లాడింది, ఊరంతా సాక్ష్యం చెప్పింది. ఒకణ్ణి పట్టుకుని బెదిరించడం సులువు, మూడొందల మందిని బెదిరించడం కష్టం.

మన రాష్ట్రంలోనే 1996లో జయప్రకాశ్ నారాయణ్ గారు లోక్‌సత్తా పెట్టి, ఏ పని ఎన్ని రోజుల్లో చేయాలో ఆఫీసు ముందు రాసిపెట్టాలని గట్టిగా అడిగారు. నేడు ఆ పట్టికలు చాలా ఆఫీసుల్లో గోడల మీద ఉన్నాయి. ఆన్‌లైన్ వచ్చింది, 2019 అక్టోబరు నుంచి ఊళ్లోనే సచివాలయం వచ్చింది. వీటివల్ల తిరుగుడు తగ్గిన మాట నిజం. కాదనడం అన్యాయం. కానీ యంత్రం రసీదు ఇస్తుంది, సంతకం మనిషే పెట్టాలి. ఆ సంతకం ఆగినప్పుడు ఏం చేయాలన్నదే అసలు సంగతి.

మేము ఏం చేశామో చెబుతాం. ఇది గొప్ప కోసం కాదు. చేసింది చిన్నదే, ఆలస్యంగా చేశాం కూడా. క్రిందటి జూన్‌లో మా తమ్ముళ్లు ఏడుగురి కాగితాలు ఒకచోట ఆగాయని తెలిసింది. మేము ఆరుగురం సెలవు పెట్టుకుని వచ్చి, ఏడుగురినీ వెంటబెట్టుకుని వెళ్లాం. గొడవ చేయలేదు. గట్టిగా మాట్లాడలేదు. "నమస్తే సార్, ఈ రసీదు నంబర్ల గడువు అయిపోయింది, ఎక్కడున్నాయో చెబుతారా" అని అడిగాం. మళ్లీ రమ్మన్నారు. అప్పుడు సమాచార హక్కు కింద ఏడు అర్జీలు ఇచ్చాం. మూడే ప్రశ్నలు. మా దరఖాస్తు ఏ తేదీన అందింది, ఏ రోజు ఎవరి దగ్గర ఉంది, గడువులోపు ఇవ్వకపోవడానికి కారణం ఏమిటి. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయి ఆఫీసులో ఈ అర్జీకి రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. పేదరికపు రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కారణం లేకుండా ఇవ్వకపోతే రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం సమాచార కమిషన్‌కు ఉంది, అదీ ఆ అధికారి జీతంలో నుంచి. ఢిల్లీలో ఇరవై ఏళ్ల క్రితం రేషన్ కార్డు రాని దినకూలీలు ఇలాంటి ప్రశ్నలతోనే కార్డులు తెచ్చుకున్నారని చదివి మేము ఈ పద్ధతి నేర్చుకున్నాం.

జవాబు కోసం ముప్పై రోజులు ఆగనక్కర్లేకపోయింది. నాలుగు రోజుల్లో ఆరు కాగితాలు వచ్చాయి. ఏడోది రాలేదు. ఆ పిల్లవాడి తల్లి మా మీద కోప్పడింది. "మీ పంతానికి నా బిడ్డ కాగితం ఆపించినారు" అంది. మాకు నోటమాట రాలేదు. ఏడేళ్ల క్రితం బండల ఫ్యాక్టరీకి పోయినవాడు కళ్ల ముందు మెదిలాడు. మరునాడు మళ్లీ పదముగ్గురం వెళ్లాం. కాగితం వచ్చిన ఆరుగురు పిల్లలూ, పిలవకుండానే, మాతో వచ్చారు. ఏడోవాడి పేరులో ఒక అక్షరం తప్పు పడిందట, ఎవరూ ఆపలేదట! దిద్ది ఇచ్చారు. అది నిజమో సాకో మాకు తెలియదు. ఆ రోజు మాత్రం ఎవరి జేబులోంచీ ఏమీ పోలేదు.

కనుక తమ్ముళ్లను మేము అడిగేది ఒకటే. జూన్ నెలలో ఒక్కరే పోవద్దు. దరఖాస్తులన్నీ ఒకే రోజు పెట్టండి, రసీదు నంబర్లు ఒక నోటుబుక్కులో రాసి వంటగది పక్కన గోడకు వేలాడదీయండి, గడువు దాటిన రోజున అందరూ కలిసి పోండి. అన్నలను అడిగేది, ఆ రోజున ఫోను చేస్తే రండి. విరాళం ఇవ్వడం కన్నా ఒక్క పూట వచ్చి నిలబడటం మాకు ఎక్కువ ఉపయోగం. సాంఘిక సంక్షేమ శాఖకు ఒకప్పుడు శంకరన్ గారు కార్యదర్శిగా ఉండేవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నిరాడంబరంగా బతికి, పద్మభూషణ్ ఇస్తామంటే కూడా వద్దని, 2010లో కన్నుమూశారు. అలాంటి ఐఏఎస్‌లు ఎప్పుడో ఒకరు వస్తారు. వచ్చేదాకా కూర్చోలేం కదా!

ఇంకొక మాట, చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నది. మనలో చాలామందిమి రేపు ఆ బల్లల వెనకే కూర్చుంటాం. కూర్చున్నవాళ్లం ఇప్పటికే ఉన్నాం. ఏసీబీ పట్టుకున్నవాళ్ల ఫొటో పేపర్లో వస్తే పేరు చూసి, ఊరు చూసి, మనవాడేమోనని గుండె దడదడలాడిన అనుభవం మాకుంది. మనవాడైతే లోకం అనే మాటలు ఇంకో రకంగా ఉంటాయని కూడా తెలుసు. మనవాడు కదా అని వెనకేసుకు రావడం మాత్రం మావల్ల కాదు. వాడు తీసుకున్నది ఎవరి దగ్గర? మా అమ్మలాంటి ఎవరో అమ్మ దగ్గరే.

మాతో చదివినవాడొకడు ఇప్పుడు ఒక సచివాలయంలో పని చేస్తున్నాడు. మొన్న దసరాకు కలిసినప్పుడు చెప్పాడు. ఒక అవ్వ పింఛను కాగితం సరిచేయించుకోవడానికి వచ్చిందట. వీడు వెంటనే చేసి ఇచ్చాడు. అవ్వ కొంగుముడి విప్పి యాభై రూపాయల నోటు బల్ల మీద పెట్టింది. వద్దవ్వా అంటే ఆమె ముఖం చిన్నబోయింది. తక్కువైందేమో అనుకుని ఇంకో ఇరవై తీసింది. అదీ వద్దంటే, పని కాలేదేమో అనుకుని, కాగితం చేతిలో పట్టుకునే సాయంత్రం ఆఫీసు మూసేదాకా వాకిట్లో కూర్చుందట. చివరకు వీడే ఆమెను బండి మీద ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపి వచ్చాడు. దారి పొడుగునా "నిజంగా అయిపోయిందా నాయనా" అని అడుగుతూనే ఉందట.